దీపం లేని ఊరు



ఇంగ్లండు ఉత్తర భాగంలో యార్క్‌షైర్ అని పెద్ద సీమ ఉంది. అందులో తూర్పు వైపు, సముద్రానికి ఇవతల, వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టలున్నాయి. గుట్టలంటే మన బండరాళ్ళ గుట్టలు తలుచుకోకండి. పచ్చిక కప్పుకున్న మెత్తటి మిట్టలవి. వాటి మధ్య లోతైన లోయలు. మాల్టన్ అనే చిన్న పట్టణం నుంచి ఆరేడు మైళ్ళు వెళ్ళాక దారి పక్కన బండి ఆపుకోవాలి. అక్కడి నుంచి ముప్పావు మైలు నడక. వాలుగా ఉన్న డొంక దిగి, ఎప్పుడో పట్టాలు పీకేసిన పాత రైలు కట్ట దాటి, సన్నటి వాగు పక్కగా పోతే లోయ కాస్త వెడల్పవుతుంది.

అక్కడేముంది? కప్పు లేని చర్చి ఒకటి. దాని గోపురం సగం నిలబడి ఉంది, సగం కూలిపోయింది. చర్చికి దిగువన ఒక చెరువు. ఒక వరస పాత ఇళ్ళు, అవీ ఎవరూ కాపురం లేనివే. మిగిలిందంతా గడ్డి. ఊరేదీ అని చుట్టూ చూస్తాం. మనం నిలబడ్డదే ఊరు.

ఆ ఊరి పేరు వార్రమ్ పెర్సీ.

మధ్యాహ్నం ఎండలో వెళితే ఏమీ కనపడదు. పొద్దు వాలేవేళ వెళ్ళాలి. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు గడ్డి కింద ఉన్నవన్నీ నీడలు పట్టుకుని పైకి లేస్తాయి. మోకాలెత్తు గట్టు ఒకటి నేరుగా పోయి మలుపు తిరుగుతుంది. అది ఒకరి పెరటి గోడ. నాలుగు పలకలుగా ఉన్న మిట్ట ఒకరి ఇల్లు. రెండు వరసల మిట్టల మధ్య కుంగిపోయిన పల్లం వీధి. ఏళ్ళ తరబడి బండ్లు, పశువులు, మనుషులు తొక్కి తొక్కి నేలే కిందికి దిగిపోయింది. మన పల్లెల్లో డొంక ఎలా ఏర్పడుతుందో అదీ అంతే. ఇంటి వెనక పెరడు, పెరటి వెనక పొలం, పొలంలో నాగలి తిరిగిన గుర్తులు చారలు చారలుగా. ఊరి పటం మొత్తం నేల మీద అచ్చుగుద్దినట్టు ఉంటుంది, మనుషులు తప్ప.

ఇలాంటి చోటును కోస్తా జిల్లాల రైతులు పాటిదిబ్బ అంటారు. హైదరాబాదు సంస్థానం నాటి రెవెన్యూ లెక్కల్లో వేరే మాట ఉంది: బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. మనుషులు లేని ఊరిని దీపం లేని ఊరు అని రాసుకున్నారు. ఎవరు పెట్టారో గానీ, ఖాళీ అయిన ఊరికి ఇంతకన్నా తగిన మాట నేను ఏ భాషలోనూ వినలేదు. ఈ పూట వార్రమ్ పెర్సీ గురించి చెప్పేటప్పుడు ఆ మాటే నా మనసులో ఉంటుంది. ఎందుకంటే ఆ ఊళ్ళో దీపాలన్నీ ఒక్క రాత్రిలో ఆరిపోలేదు.

ఇంగ్లండులో ఇలాంటి పాడుపడ్డ ఊళ్ళు ఒకటీ రెండూ కావు, ఇంచుమించు 3,000 ఉన్నాయి. ఎందుకు పోయాయని ఎవరిని అడిగినా నోటి చివర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: మహమ్మారి. 1348 వేసవిలో ఓడల మీద డోర్సెట్ తీరానికి వచ్చిన ప్లేగు మరుసటి ఏటికల్లా యార్క్‌షైర్ దాకా పాకింది. దేశంలో మూడో వంతు నుంచి సగం మంది దాకా పోయారు. అంత పెద్ద చావు కళ్ళ ముందు ఉంటే, ఖాళీ ఊరు కనపడగానే దాని మీదికే మనసు పోవడం సహజం. కానీ వార్రమ్ పెర్సీ విషయంలో ఆ జవాబు తప్పు. పైగా అది ఒక రకంగా అన్యాయం కూడా. ఎందుకు అన్యాయమో చెబుతాను.

ముందు, ఆ గడ్డి కింద ఊరుందని కనిపెట్టిన మనిషి గురించి చెప్పాలి. మారిస్ బెరెస్‌ఫోర్డ్ లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పేవాడు. తవ్వకాల మనిషి కాడు, కాగితాల మనిషి. పాత పన్నుల లెక్కలు, పొలాల పటాలు ఆయన చదువు. ఆ కాగితాల్లో పన్ను కట్టిన ఊళ్ళు కొన్ని ఇప్పటి పటాల్లో ఎక్కడా కనపడటం లేదు. అప్పటి పెద్ద చరిత్రకారులేమో పాడుపడ్డ ఊళ్ళు ఇంగ్లండులో చాలా అరుదని రాసిపెట్టారు. బెరెస్‌ఫోర్డ్ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. లీస్టర్‌షైర్‌లో బిట్స్‌బీ అనే చోట పొలంలో అర్థం కాని గట్లు, గుంతలు చూసి, ఇవి ఇళ్ళ ఆనవాళ్ళని పోల్చుకున్నాడు. ఆ తర్వాత అలాంటి చోట్ల కోసం కాలినడకన తిరగడమే పనిగా పెట్టుకున్నాడు. అలా తిరుగుతూ 1948లో వార్రమ్ పెర్సీ చేరుకున్నాడు. 1950లో పలుగూ పారా పట్టాడు. 1954లో ఆయన రాసిన 'ది లాస్ట్ విలేజెస్ ఆఫ్ ఇంగ్లండ్' అనే పుస్తకం, అరుదన్నవి వేలల్లో ఉన్నాయని చూపించింది.

తవ్వకం ఎలా చేయాలో ఆయనకు మొదట్లో తెలియదు. గోడ దొరికితే గోడ వెంబడి తవ్వుకుంటూ పోయేవాడు. ఆ సమయంలో జాన్ హర్స్ట్ అనే కుర్రవాడు వచ్చి కలిశాడు. ఇతను పురావస్తు శాఖ మనిషి, కుండపెంకులు చూసి కాలం చెప్పగలవాడు. డెన్మార్కులో పాత పల్లెలను తవ్విన పద్ధతిని వీళ్ళు ఇక్కడికి తెచ్చారు. చిన్న చిన్న గుంతలు తీయకుండా, ఒక ఇంటి స్థలం మొత్తాన్ని చాపలా తెరిచి, పొర తర్వాత పొర చేత్తో తీయడం. ఏటా వేసవిలో కొన్ని వారాలు. విద్యార్థులు, టీచర్లు, ఆసక్తి ఉన్న మామూలు జనం స్వచ్ఛందంగా వచ్చేవారు. ఇందాక చెప్పానే, ఒక వరస పాత ఇళ్ళు, వాటిల్లోనే మకాం. అలా 1990 దాకా, నలభై వేసవులు. ఇంత చేసినా ఊళ్ళో పదో వంతు కూడా తవ్వలేదు. తవ్విన దాని వివరాలు రాయడానికి పదమూడు సంపుటాలు పట్టాయి. చివరిది 2012లో వచ్చింది. అప్పటికి బెరెస్‌ఫోర్డూ లేడు, హర్స్టూ లేడు.

రాజుల కోటలు తవ్విన వాళ్ళకు బంగారం దొరుకుతుంది. రైతు ఇల్లు తవ్వితే ఏం దొరుకుతుందని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. దొరికిందేమిటో చెబుతాను, వినండి.

పొడవాటి ఇల్లు. ఒకే కప్పు. ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు, నడుమ అటూ ఇటూ తలుపులు. మనుషుల వైపు నేల మధ్యలో పొయ్యి. పొగ పోవడానికి గొట్టం లేదు, కప్పులోంచే పోవాలి. పశువులూ అదే కప్పు కింద ఉంటాయి కాబట్టి చలికాలంలో వాటి వెచ్చదనం మనుషులకూ అందుతుంది. గోడలు సుద్దరాతివి, మట్టితో అతికినవి. మొదట తవ్విన వాళ్ళు, ఇవి నాసిరకం ఇళ్ళని, తరానికోసారి కూలితే మళ్ళీ కట్టుకునేవాళ్ళని అనుకున్నారు. తర్వాత వచ్చిన స్టువర్ట్ రాత్‌మెల్ అనే పండితుడు అవే ఆధారాలను మళ్ళీ చూసి, అలా కాదన్నాడు. ఇంటి బరువు మోసింది గోడలు కావు, జంటలు జంటలుగా నిలిపిన వంకర దుంగలు. దుంగలు తరతరాలు నిలిచేవి. గోడ పాడైతే గోడ మాత్రం మార్చుకునేవాళ్ళు. అంటే అది లేనివాళ్ళ గుడిసె కాదు, గట్టి రైతిల్లు. ఒక ఊరి పేదరికం గురించి వేసిన అంచనాను ముప్పై ఏళ్ళ తర్వాత సరిదిద్దుకున్నారంటే నాకు ఆ పండితుల మీద గౌరవం పెరిగింది.

ఇక నాకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన సంగతి. ఆ ఇళ్ళలో మట్టి నేల మధ్య కుంగి ఉంది. కాళ్ళ తొక్కిడికి కుంగిన గుంత వేరు, ఇది వేరు. నేల అంతా నునుపుగా, తొట్టిలా పల్లమై ఉంది. తవ్విన వాళ్ళు దానికి చెప్పిన కారణం చీపురు. రోజూ ఊడ్చి ఊడ్చి, ఊడ్చిన ప్రతిసారీ కాస్త మట్టి పోయి, ఏళ్ళ మీద నేలే అరిగిపోయింది. ఆ ఇంటి ఆడవాళ్ళ పేరు ఏ కాగితంలోనూ లేదు. వాళ్ళు ఊడ్చిన ఊడుపు మాత్రం ఆరేడు వందల ఏళ్ళు గడ్డి కింద అలాగే ఉంది. మట్టి ఇంటిని అలికి ముగ్గు పెట్టిన చేతులు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి, ఆ గుంత అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చర్చి చుట్టూ తవ్వినప్పుడు సుమారు 700 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. మామూలు పల్లె జనం గురించి ఇంత నేరుగా తెలిపే సాక్ష్యం ఇంగ్లండులో అరుదు. ఎముకల్లోని నత్రజనిని పరీక్షించి, తల్లులు బిడ్డలకు ఏడాదిన్నర వయసు దాకా పాలిచ్చేవారని తేల్చారు. అందువల్ల పసితనంలో పిల్లలు బాగానే ఎదిగారు. పాలు మానాక కష్టం మొదలయ్యేది. వార్రమ్‌లో పద్నాలుగేళ్ళ పిల్లవాడి ఎత్తు, ఈనాటి ఇంగ్లీషు పదేళ్ళ పిల్లవాడి ఎత్తు. ఈ ఒక్క లెక్కలో ఎన్ని చలికాలాలు, ఎన్ని అరకొర పంటలు ఉన్నాయో.

2017లో ఇంకో సంగతి బయటికి వచ్చింది. ఒకచోట దొరికిన 137 ఎముక ముక్కలు, కనీసం పది మందివి, చనిపోయాక కోసినవి, కాల్చినవి. చచ్చినవాళ్ళు లేచి వచ్చి ఊరి మీద పడతారన్న భయంతో చేసిన పని అయి ఉంటుందని పరిశోధకుల ఊహ. ఆకలి వల్ల జరిగిందా అనీ చూశారు గానీ, కోసిన గాట్లు ఉన్న చోట్లు దానికి పొసగలేదు. ఎవరో పరాయివాళ్ళా అంటే, పళ్ళ పరీక్షలో ఆ చుట్టుపక్కల వాళ్ళేనని తేలింది. తమ వాళ్ళకే అలా చేశారంటే ఎంత భయపడి ఉంటారో అని జాలి కలిగింది నాకు.

సరే, ఊరెలా పోయింది? మళ్ళీ ఆ ప్రశ్నకు వద్దాం.

1086లో విలియం రాజు దేశమంతా వేయించిన భూముల లెక్కలో ఈ ఊరుంది. తర్వాతి రోజుల్లో పెర్సీ వంశం దొరలయ్యారు. ఊరి పేరుకు తోక అలా వచ్చింది. బాగా నడిచిన రోజుల్లో నలభై ఇళ్ళ దాకా ఉండేవి. 1315 నుంచి మూడేళ్ళు వానలు విడవక దేశమంతా కరువు. ఆ తర్వాత 1349లో ప్లేగు. మరి ప్లేగే ఊరిని తుడిచిపెట్టి ఉంటే ఆ తర్వాత ఎవరూ ఉండకూడదు. కానీ 1368 నాటి లెక్కలో ఇంకా సుమారు 30 ఇళ్ళలో మనుషులున్నారు. మహమ్మారి వెళ్ళిన ఇరవై ఏళ్ళకు కూడా ముప్పై పొయ్యిలు వెలుగుతున్నాయి. 1403 ప్రాంతంలో పెర్సీలు ఈ భూములను హిల్టన్ వంశంతో మార్పిడి చేసుకున్నారు. 1458లో 16 ఇళ్ళు. అంటే మహమ్మారి వచ్చి నూరేళ్ళు దాటాక కూడా ఊరు ఊరుగానే ఉంది.

ప్లేగుకు ఇందులో పాత్ర లేదనను. అది ఎక్కడో దూరంగా చేసిన పని ఇక్కడికి వచ్చి తగిలింది. దేశంలో జనం తగ్గారు కాబట్టి కూలీ ధర పెరిగింది. తినే నోళ్ళు తగ్గాయి కాబట్టి ధాన్యం ధర పడిపోయింది. దున్నించడం దొరకు నష్టమైంది. అదే సమయంలో ఇంగ్లీషు ఉన్నికి, ఉన్ని బట్టకు సముద్రం అవతల గిరాకీ. పొలం దున్నాలంటే ఇరవై కుటుంబాలు కావాలి. అదే పొలంలో గడ్డి వదిలేసి గొర్రెలు మేపితే ఒక కాపరి, ఒక కుక్క చాలు. మంచి భూములున్న ఊళ్ళు కౌలుదార్ల కోసం చూస్తున్నాయి కాబట్టి కొందరు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారు. వెళ్ళిన ప్రతి ఇంటి భూమీ గడ్డిగా మారింది. ఒక్కొక్క దీపం అలా ఆరుతూ వచ్చింది.

చివరికి నాలుగు ఇళ్ళు మిగిలాయి.

ఆ నాలుగు ఇళ్ళ సంగతి మనకెలా తెలుసంటే, ప్రభుత్వమే రాసుకుంది. ఊళ్ళు ఖాళీ అవుతున్నాయన్న మాట అప్పటికే పైకి వెళ్ళింది. వార్విక్ దగ్గర జాన్ రౌస్ అనే పూజారి, తన చుట్టుపక్కల ఊళ్ళను పాడుపెడుతున్నారని 1459లో కోవెంట్రీలో కూడిన పార్లమెంటుకు మొర పెట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1489లో ఏడో హెన్రీ రాజు ఊళ్ళు కూలదోయకూడదని చట్టం చేశాడు. పన్నులిచ్చేవాళ్ళు, యుద్ధానికి వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారని రాజు బెంగ. 1517లో కార్డినల్ వుల్సీ దేశమంతా విచారణ చేయించాడు: ఎవరెవరు ఎన్ని ఇళ్ళు పడగొట్టారు, ఎన్ని నాగళ్ళు ఆపారు అని. ఆ విచారణ కాగితాల్లో వార్రమ్ పెర్సీ పేరుంది. హిల్టన్ దొర కింద నాలుగు ఇళ్ళు పోయాయి, నాలుగు నాగళ్ళు ఆగిపోయాయి. అంతే రాశారు. ఆ ఇళ్ళవాళ్ళ పేర్లు రాయలేదు. ఎటు వెళ్ళారో రాయలేదు. దొరను పేరు పెట్టి రాశారు, నాగళ్ళను లెక్క పెట్టారు, మనుషులు మాత్రం ఆ నాగళ్ళ లెక్కలోనే కలిసిపోయారు.

మహమ్మారి అనే జవాబు అన్యాయమని అందుకే అన్నాను. రోగం చంపిందంటే అది దైవ ఘటన, ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కానీ ఈ ఊరు రోగాన్ని తట్టుకుంది, కరువును తట్టుకుంది, నూట యాభై ఏళ్ళు నిలబడింది. దాన్ని ఆఖరున ఖాళీ చేయించింది ఒక నిర్ణయం. ఉన్ని లాభమని ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. ఊరు చచ్చిపోయింది అనడానికీ, ఊరిని ఖాళీ చేయించారు అనడానికీ చాలా తేడా ఉంది. ఆ నాలుగు కుటుంబాల తరఫున ఆ తేడాను పట్టుకుని ఉండాలని నా మనసుకు అనిపిస్తుంది.

ఇప్పుడు మళ్ళీ చర్చి దగ్గరికి వెళదాం. ఎందుకంటే ఈ కథంతా ఆ గోడ మీద కంటికి కనపడుతుంది. పక్కన నిలబడి చూడండి. గోడలో పెద్ద పెద్ద కమానులు, వాటిని రాళ్ళతో పూడ్చేశారు. ఒకప్పుడు ఆ కమానుల అవతల చర్చికి పక్క వసారాలు ఉండేవి. ఊళ్ళో జనం పెరిగినప్పుడు ఒక వైపు ఒకటి, తర్వాత ఇంకో వైపు ఇంకొకటి కట్టారు. జనం తగ్గినప్పుడు ఆ వసారాలు పీకేసి కమానులు మూసేశారు. మూసేటప్పుడు వసారాల కిటికీలను పారేయలేదు. ఆ రాతి కిటికీలనే తెచ్చి మూసిన గోడలో అమర్చారు. కమాను వంపు లోపల ఇరుకుగా కూర్చున్న కిటికీ ఇప్పటికీ ఉంది. జనాభా లెక్కలు రాయని కాలంలో ఊరి జనాభా పెరగడం, తరగడం రాతిలో అలా రాసి ఉంది.

ఊరు పోయినా చర్చి ఆగలేదు. దాని పరిధిలో ఐదు పల్లెలు ఉండేవి: వార్రమ్ పెర్సీ, థిక్సెండేల్, రెయిస్థార్ప్, బర్డేల్, టౌథార్ప్. వీటిలో ఇవాళ ఊరుగా మిగిలింది థిక్సెండేల్ ఒక్కటే. ఊరు లేని చోట ఉన్న ఆ చర్చికి థిక్సెండేల్ జనం ఆదివారాలు లోయల వెంబడి నడిచి వచ్చేవారు. పెళ్ళి అయినా అక్కడికే, బిడ్డకు పేరు పెట్టాలన్నా అక్కడికే, శవాన్ని మోసుకు రావాలన్నా అక్కడికే. 1870లో వాళ్ళ ఊళ్ళోనే వాళ్ళకు చర్చి కట్టారు. అంటే చివరి నాలుగు ఇళ్ళు పోయాక కూడా మూడున్నర శతాబ్దాల పాటు, గొర్రెలు మేసే లోయలో వారానికోసారి మనుషుల గొంతులు వినపడేవి. 1853లో పక్కగా రైలు కూడా వచ్చింది. 1958లో అదీ మూతపడింది. మరుసటి ఏడు చర్చి గోపురం సగం కూలింది.

ఆ చర్చిలో మామూలుగా ప్రార్థనలు జరగడం 1949తో ఆగిపోయింది. ఆ మరుసటి ఏటి వేసవిలోనే బెరెస్‌ఫోర్డ్ తన విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి, ఒక మిట్ట దగ్గర గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. సాయంత్రం కాగానే ఆ పాత ఇళ్ళ వరసలో లాంతర్లు వెలిగించేవారు.